పై బట్ట ఎందుకు మిగిలిపోతుంది: కుట్టుమిషను పళ్ళు, ఫుట్ ఒత్తిడి, కుట్టు పొడవు

అమ్మా, మీ ప్రశ్నలో మూడు ఇబ్బందులు కలిసిపోయి ఉన్నాయి. గుంటూరు బ్రాడీపేటలో ఇంటి దగ్గరే బ్లౌజులు, డ్రెస్సులు కుడుతున్నామన్నారు. ఇరవై ఏళ్ళ నాటి, కాలితో తొక్కే నల్ల మిషనుకు రెండేళ్ళ కిందట మోటారు పెట్టించామన్నారు. జార్జెట్‌కు లైనింగు కలిపి కుట్టినప్పుడు చివరికి వచ్చేసరికి పైనున్న జార్జెట్ అర అంగుళం దాకా మిగిలిపోతోంది, కుట్టు ఒకచోట దగ్గరగానూ ఒకచోట దూరంగానూ పడుతోంది, పక్క కుట్టు పొడవునా ముడతలు వస్తున్నాయి. టెన్షన్, అంటే దారం బిగుతు, ఎన్నిసార్లు మార్చినా లాభం లేదనీ, కొత్త ఫీడింగ్, అంటే బట్టను నడిపే కొత్త పద్ధతి, ఉన్న మిషను కొనుక్కోమని మెకానిక్ అంటున్నాడనీ, ఆ మాట వినాలా వద్దా అనీ అడిగారు.

నేను విజయవాడ వన్ టౌన్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాను. మధ్యలో కొంతకాలం ఒక రెడీమేడ్ దుస్తుల యూనిట్లో మిషన్ల బాధ్యత చూశాను. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇందులో టెన్షన్ పాత్ర తక్కువ, బట్టను నడిపించే భాగాల పాత్ర ఎక్కువ. ఆ భాగాలు ఏం చేస్తాయో ఒకసారి తెలిస్తే ఏది సర్దుబాటుతో పోతుందో, ఏది కొత్త మిషను కొన్నా పోదో మీరే తేల్చుకోగలరు.

బట్టను పై నుంచి నొక్కి ఉంచే ఫుట్ ఎత్తి, సూదికి దారం తీసేసి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా మీ వైపుకు తిప్పుతూ, సూది కింది ప్లేటు సందుల్లో కనిపించే రంపం లాంటి పళ్ళను గమనించండి. సూది బట్టలో నుంచి బయటికి వచ్చాక పళ్ళు ప్లేటు పైకి లేస్తాయి, బట్టను వెనక్కి నెడతాయి, సూది మళ్ళీ దిగేలోపు ప్లేటు కిందికి మునుగుతాయి, కింద నుంచే మీ వైపుకు తిరిగి వస్తాయి. లేవడం, నెట్టడం, మునగడం, తిరిగి రావడం అనే ఈ నాలుగు కదలికలను 1854లో పేటెంటు చేసినవాడు అమెరికాకు చెందిన అలెన్ విల్సన్. అంతకు ముందున్న పద్ధతులను చూస్తే ఇది ఎంత గొప్ప మెరుగుదలో అర్థమవుతుంది. 1846లో పేటెంటు పొందిన ఎలియాస్ హో మిషనులో బట్టను ఒక లోహపు పట్టీ మీది ముళ్ళకు గుచ్చేవారు. ఆ పట్టీ కుట్టు కుట్టుకూ కాస్త చొప్పున జరిగేది, దాని పొడవు అయిపోగానే మిషను ఆపి, బట్టను ఊడదీసి మళ్ళీ మొదటి నుంచి గుచ్చవలసి వచ్చేది. 1851లో ఐజాక్ సింగర్ మిషనులో గరుకు అంచున్న చక్రం ఒకటి బల్ల లోని సందులో నుంచి పైకి కనిపిస్తూ తిరిగేది, పై నుంచి స్ప్రింగు ఉన్న ఫుట్ బట్టను దాని మీద నొక్కి ఉంచేది. దానితో ఎంత పొడవు కుట్టయినా ఆగకుండా వేయగలిగారు గానీ, చక్రం బట్టను ఎప్పుడూ వదలదు కాబట్టి మలుపు తిప్పడం కష్టం. విల్సన్ పళ్ళు ప్రతి కుట్టుకూ ఒకసారి బట్టను పూర్తిగా వదిలేస్తాయి. మీరు చంక రౌండు, మెడ రౌండు చేత్తో తిప్పుకుంటూ కుట్టగలగడానికి కారణం ఆ వదిలేసే క్షణమే.

ఈ పద్ధతిలో ఒక లోపం పుట్టుకతోనే ఉంది. పళ్ళు పట్టుకునేది కింది పొరను మాత్రమే. పై పొర కదలాలంటే కింది పొర దాన్ని రాపిడితో లాక్కుపోవాలి. అదే సమయంలో పైనున్న ఫుట్ కదలకుండా నిలబడి ఆ పొరను వెనక్కి ఆపుతూ ఉంటుంది. రెండు పొరలూ గరుకైన నూలు బట్టలయితే ఒకదాన్నొకటి పట్టుకుని దాదాపు సమానంగా పోతాయి. మంగళగిరి నూలు బట్ట రెండు పొరలు కుట్టినప్పుడు మీకు ఈ ఇబ్బంది అంతగా కనిపించకపోవడానికి అదే కారణం. జార్జెట్, క్రేప్ లాంటి జారే బట్టలు పైన ఉంటే ప్రతి కుట్టుకూ వెంట్రుకవాసి వెనకబడతాయి. కుట్టు రెండున్నర మిల్లీమీటర్లయితే పదిహేను అంగుళాల పక్క కుట్టులో నూట యాభై కుట్లు పడతాయి. కుట్టుకు మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా చివరికి పదిహేను మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం పైనే. మీ లెక్క సరిగ్గా అక్కడే తేలుతోంది.

కాబట్టి రూపాయి ఖర్చు లేని మొదటి మార్పు చెబుతాను. పొరలను తిరగేయండి: జార్జెట్ పళ్ళ వైపు కిందకూ, లైనింగు ఫుట్ వైపు పైకీ ఉండేలా పెట్టి కుట్టండి. మిగిలిపోయే గుణం ఉన్న పొరను, లేదా కావాలనే కాస్త ఎక్కువ పొడవు ఇముడ్చుకోవలసిన పొరను, ఎప్పుడూ పళ్ళ వైపే ఉంచాలి. బ్లౌజు చేతి పై భాగంలో ఉండే ఆ కొద్దిపాటి ఎక్కువ బట్టను చంక రౌండులో ఇమిడ్చేటప్పుడు కూడా ఇదే పద్ధతి; పాత టైలర్లు ఎవరూ చెప్పకుండానే బ్లౌజు చేతి ముక్కను కింద పెట్టి కుడతారు.

ముడతల సంగతికి వస్తే, ముందు అవి ఏ జాతి ముడతలో తేల్చుకోవాలి. అదే జార్జెట్ ఒకే పొర తీసుకుని, చేత్తో లాగకుండా ఒక అడుగు పొడవు కుట్టండి. ఒక్క పొరలో ముడత రాకుండా రెండు పొరల్లోనే వస్తే అది పొరల నడక తేడా. టెన్షన్ మరను ముట్టుకోనక్కరలేదు. ఒక్క పొరలోనూ వస్తే ఆ కుట్టులో బాబిన్ దారాన్ని అంగుళానికొకచోట కత్తిరించి చూడండి. బట్ట వెంటనే సాగి చదునైతే దారం బిగుతు ఎక్కువైనట్టు. దారం తెంపినా ముడత అలాగే నిలిచి ఉంటే, నేత దట్టంగా ఉన్న బట్టలో మీ దారం, సూది లావైపోయి పోగులను పక్కకు తోసేస్తున్నాయని అర్థం. జార్జెట్‌కు 14 నంబరు సూది తీసేసి 11 లేదా 9 వేసి, సన్నటి దారం వాడితే అది తగ్గుతుంది. ఈ పరీక్ష చేయకుండా టెన్షన్ తిప్పడమంటే ఒకచోట నొప్పి ఉంటే మరొకచోట కట్టు కట్టడం. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, నేనూ చేసిన పనే. యూనిట్లో పనిచేసిన రోజుల్లో పలుచటి చొక్కాల లాటు ఒకటి గుండీపట్టీ దగ్గర ముడతలు పడుతుంటే, ఒక రోజంతా వరుసలోని మిషన్ల టెన్షన్లు మారుస్తూ తిరిగాను. సాయంత్రానికి తెలిసిందేమిటంటే, అంతకు ముందు జీన్సు కుట్టడానికి వేసిన పెద్ద పళ్ళను ఎవరూ మార్చలేదు. ముతక పళ్ళ మధ్య ఉండే లోతైన సందుల్లోకి పలుచటి బట్ట దిగిపోయి, దిగినచోటల్లా నలిగింది. సన్న పళ్ళూ, వాటికి తగిన చిన్న రంధ్రం ఉన్న ప్లేటూ వేయగానే లాటు సాఫీగా నడిచింది.

ఇక మీ మిషను మీద చేయవలసిన పని. మోటారు ప్లగ్గు తీసేశాక, ప్లేటు మరలు విప్పి పళ్ళ కింద చూడండి. నూలు బట్టలు ఎక్కువగా కుట్టే మిషన్లలో అక్కడ దూది, నూనె కలిసి అట్టకట్టి ఉంటాయి. ఆ అట్ట ఒక చిన్న మెత్తలా అడ్డుపడి పళ్ళను పూర్తిగా కిందికి మునగనివ్వదు. అప్పుడు పళ్ళు తిరిగి వచ్చేటప్పుడు కూడా బట్టను గీరుతూ కాస్త ముందుకు లాక్కొస్తాయి, కుట్టు పొడవు ఎక్కడికక్కడ మారిపోతుంది. నా దగ్గరికి కుట్టు సమంగా పడటం లేదని వచ్చిన మిషన్లలో ఎన్నింటికో ఈ శుభ్రం తప్ప వేరే వైద్యం అవసరం కాలేదు.

శుభ్రం చేశాక ఎత్తు చూడాలి. పళ్ళు గరిష్ఠంగా పైకి లేచినచోట చక్రాన్ని ఆపి, ప్లేటు మీద ఎంత పైకి కనిపిస్తున్నాయో కొలవాలి. పరిశ్రమల్లో వాడే సాధారణ ఒంటి సూది మిషన్లకు ఇది సుమారు 0.8 మిల్లీమీటర్లు, పలుచటి బట్టకు 0.7 నుంచి 0.8 వరకు సరిపోతుంది. కొలిచే పరికరం లేకపోతే గడువు తీరిన ఏటీఎం కార్డు చాలు, దాని మందం ప్రపంచమంతటా 0.76 మిల్లీమీటర్లే. కార్డు అంచును ప్లేటు మీద పళ్ళ పక్కన ఆనించి, వేలిగోరు అడ్డంగా జరిపితే రెండూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. మీ నల్ల మిషనుకు పళ్ళు దానికన్నా కొంచెం పైన ఉన్నా కంగారు పడనక్కరలేదు గానీ, కార్డు మందానికి రెట్టింపు లేస్తుంటే జార్జెట్ నలగక తప్పదు.

పళ్ళు వంపు గీస్తూ కదులుతాయి, చతురస్రంగా కాదు. కోడిగుడ్డును అడ్డంగా పడుకోబెట్టినట్టుండే ఆ దారిలో ప్లేటు పైకి కనిపించే ముక్క మాత్రమే బట్టను నడుపుతుంది. అందుకే పళ్ళ ఎత్తు పెంచితే అవి ముందుగా తేలి ఆలస్యంగా మునుగుతాయి, కుట్టు పొడవు మార్చే లీవరు ముట్టుకోకపోయినా కుట్టు కాస్త పొడవవుతుంది. ఎత్తు తగ్గిస్తే పొట్టిదవుతుంది. ఎత్తు సరిచేశాక కుట్టు పొడవు మళ్ళీ చూసుకోవాలి, ముందు చూసుకుంటే ఆ శ్రమ వృథా. పరిశ్రమల మిషన్లలో పళ్ళ వాలు కూడా మార్చుకోవచ్చు: ముందు వైపు కాస్త పైకి వాల్చితే ముడతలు తగ్గుతాయి, ముందు వైపు కిందికి వాల్చితే పొరలు ఎగుడుదిగుడుగా నడవడం తగ్గుతుంది. మీ నల్ల మిషనులో ఈ వసతి వెతక్కండి.

ఆ తర్వాత మిషనును వెనక్కి వాల్చి కింద చూడండి. పళ్ళను ముందువెనుకలకు నడిపే షాఫ్టు ఒకటి, పైకి లేపే షాఫ్టు ఒకటి ఉంటాయి. మీలాంటి పాత మిషన్లలో ఈ షాఫ్టులు రెండు చివర్లలోనూ మొన ఉన్న మరల మధ్య నిలబడి తిరుగుతాయి, ఆ మరలను కదలకుండా పట్టి ఉంచడానికి నట్టు ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడాక ఆ మొనలు అరిగి షాఫ్టు పక్కకు ఊగుతుంది. షాఫ్టును వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదిలించండి. టకటకమని చప్పుడు వస్తే మీ కుట్టు దగ్గర, దూరంగా పడటానికి కారణం దొరికినట్టే. నట్టు వదులు చేసి, మరను ఆ ఊపు పోయేవరకు బిగించి, మళ్ళీ వెంట్రుకవాసి వదిలి, మర తిరగకుండా పట్టుకుని నట్టు బిగించాలి. చక్రం ఇంతకు ముందులాగే తేలికగా తిరగాలి. బరువెక్కితే బిగువు ఎక్కువైనట్టు. ప్రతి చివరా ఒక్కొక్క చుక్క మిషను నూనె వేయండి. కొబ్బరినూనె వద్దు, అది చలికాలంలో గడ్డకట్టి మిషనును బిగించేస్తుంది.

ఇప్పుడు ఫుట్ ఒత్తిడి. తల పైభాగంలో ఉండే మరను వదులు చేస్తే ఒత్తిడి తగ్గుతుంది. పలుచటి బట్టకు ఎంత తగ్గించవచ్చంటే, బట్ట పక్కకు జారకుండా తిన్నగా నడిచేంతవరకు. మీకు మోటారు పెట్టాకే ఇబ్బంది ఎక్కువైందంటే ఆశ్చర్యం లేదు. కాలితో తొక్కినప్పుడు పళ్ళు ఫుట్‌ను మెల్లగా ఎత్తి దించేవి. వేగం పెరిగాక పళ్ళు కొట్టిన దెబ్బకు ఫుట్ ఎగిరి, మళ్ళీ బట్ట మీద వాలేలోపు పళ్ళు కొంత దూరం ఉత్తినే నడుస్తాయి. అందువల్లనే నెమ్మదిగా కుట్టినచోట కుట్టు పొడవుగానూ, పెడల్ గట్టిగా నొక్కినచోట పొట్టిగానూ పడుతుంది. దీనికి మందు ఒత్తిడి పెంచడమే, కానీ ఒత్తిడి పెంచితే పై పొర మరింత వెనకబడుతుంది. ఈ రెండింటి మధ్య రాజీ వేగంలోనే ఉంది: జార్జెట్ కుట్టేటప్పుడు సగం వేగం దాటకండి. ఫుట్ అడుగు భాగం గీతలు పడి గరుకుగా ఉంటే మార్చేయండి. అడుగున టెఫ్లాన్ ఉన్న ఫుట్ వేస్తే పై పొర మీద రాపిడి తగ్గుతుంది.

కుట్టు పొడవు లీవరు గురించి చాలామందికి ఒక అయోమయం ఉంది. కొన్ని పాత మిషన్ల పలక మీది అంకెలు అంగుళానికి ఎన్ని కుట్లో చెబుతాయి, అక్కడ అంకె పెరిగితే కుట్టు చిన్నదవుతుంది; కొత్త మిషన్ల అంకెలు మిల్లీమీటర్లు, అక్కడ అంకె పెరిగితే కుట్టు పెద్దదవుతుంది. 25.4ను మిల్లీమీటర్లతో భాగిస్తే అంగుళానికి ఎన్ని కుట్లో వస్తుంది: రెండున్నరకు సుమారు పది, రెండుకు పన్నెండు పైన, మూడుకు ఎనిమిదిన్నర. పలక మీది అంకెను అక్షరాలా నమ్మకండి, అరిగిన మిషనులో అది అంచనా మాత్రమే. బట్ట మీద స్కేలు పెట్టి లెక్కపెట్టిందే నిజం. లోపల జరిగేది ఇదీ: తిరిగే షాఫ్టు మీద కామ్ అనే ఒకవైపు ఉబ్బిన చక్రం ఒక పంగల కడ్డీని ఊపుతుంది, ఆ ఊపులో ఎంత భాగం పళ్ళకు చేరాలో ఒక దారి వాలు నిర్ణయిస్తుంది. మీ లీవరు ఆ వాలునే మారుస్తుంది. వాలు లేకపోతే పళ్ళు లేచి దిగుతాయే గాని నడవవు, కుట్టు ఒకేచోట పడుతుంది. వాలు అవతలి వైపుకు మారితే వెనక కుట్టు వస్తుంది. ముందు కుట్టు, వెనక కుట్టు ఒకే పొడవు లేకపోతే ముడి వేసినచోట రంధ్రాలు కలవవు, అది ఈ కీళ్ళ అరుగుదల.

బ్లౌజు పక్కన లోపల మనం వేసే రెండు మూడు వరుసల కుట్లకు, అంటే తర్వాత వదులు చేసుకోవడానికి విప్పే కుట్లకు, పొడవు మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్లు పెట్టండి. విప్పేటప్పుడు బట్ట చిరగదు, ముడతా తక్కువ. ఒంటికి బిగువుగా ఆనే చివరి వరుసకు మాత్రం రెండున్నర లోపు ఉండాలి.

ఒక విషయం మాత్రం మీరు చేయి పెట్టకుండా మెకానిక్‌తో చూపించుకోవాలి: పళ్ళ టైమింగు. పళ్ళు కిందికి మునుగుతూ ప్లేటుతో సమానమైన క్షణానికి, దిగుతున్న సూది కన్ను పై అంచు కూడా ప్లేటు మట్టానికి రావడం ఒంటి సూది పరిశ్రమ మిషన్లలో సాధారణ పద్ధతి. పళ్ళను కాస్త ముందుగా నడిపిస్తే పొరల నడక మెరుగవుతుంది, కాస్త ఆలస్యంగా నడిపిస్తే కుట్టు బిగువవుతుంది. హద్దు దాటితే సూది బట్టలో ఉండగానే పళ్ళు లాగుతాయి, సూది వంగి ప్లేటుకు తగిలి విరుగుతుంది. మీకు కారణం తెలియకుండా సూదులు విరుగుతుంటే ఈ సంగతి గుర్తుచేయండి.

మీ మెకానిక్ అన్న కొత్త ఫీడింగ్‌లో నిజం లేకపోలేదు, కానీ అది ఒకటి కాదు, పలు రకాలు. సూది కూడా బట్టలో దిగి పళ్ళతో పాటు వెనక్కి నడిచే మిషన్లున్నాయి. పొరలన్నింటినీ సూది గుచ్చి పట్టుకుంటుంది కాబట్టి తేడా బాగా తగ్గుతుంది. సూదితో పాటు ఫుట్ కూడా నడిచేవి ఇంకో మెట్టు పైవి. ఆటోనగర్‌లో లారీ సీట్లకు రెక్సిన్, స్పాంజి కలిపి కుట్టే షాపుల్లో చూడండి, లోపలి ఫుట్, బయటి ఫుట్ మార్చి మార్చి అడుగులేస్తుంటాయి. అవి ఆ పనికి దేవుళ్ళు, మీ పనికి కావు: సూది కదలడానికి ప్లేటు రంధ్రం పొడవుగా ఉంటుంది, పలుచటి జార్జెట్ ఆ సందులోకి పోతుంది, ఫుట్ అచ్చులు పట్టు మీద మిగిలిపోతాయి. బట్ట అంచును చుట్టి కుట్టే ఓవర్‌లాక్ మిషన్లలో చాలావాటికి పళ్ళు రెండు జతలుంటాయి. ముందు జత ఎక్కువ నడిస్తే సాగే అల్లిక బట్ట సాగిపోకుండా ఉంటుంది, తక్కువ నడిస్తే పలుచటి బట్ట కొద్దిగా లాగినట్టయి ముడత పోతుంది. లెగ్గింగులు, టీషర్టులు మీ దగ్గరకు వస్తుంటే ఇది నిజంగా ఉపయోగపడే ఖర్చు. పళ్ళకు విడిగా మోటారు పెట్టి, వాటి దారిని గుడ్డు ఆకారం నుంచి పెట్టె ఆకారానికి మార్చుకోగల కంప్యూటర్ మిషన్లు కూడా వచ్చాయి. పని గొప్పదే, ఇంటి దగ్గర రోజుకు నాలుగైదు బ్లౌజులు కుట్టేవారికి ఆ ధర గిట్టుబాటు కాదని నా అభిప్రాయం.

వీటన్నిటికన్నా చవకైనది సూది బిగించే మరకు కొక్కెం తగిలించుకుని తానూ అడుగులేసే విడి ఫుట్. అది పై పొరను పైనుంచి పళ్ళతో నడిపిస్తుంది. మీ మిషనులో ఫుట్ బిగించే కాడ పొడవుకు సరిపోయేది ఎంచుకోవాలి, నెమ్మదిగా వాడాలి. మోటారు పూర్తి వేగంలో అది ఎక్కువ రోజులు నిలవదు.

నా సలహా ఈ క్రమంలో: పొరలు తిరగేయడం, పళ్ళ కింద శుభ్రం, పళ్ళ ఎత్తు, షాఫ్టుల ఊపు, ఒత్తిడి, వేగం. ఇవన్నీ అయ్యాక ఒక అడుగు పొడవున్న పీలికలు జార్జెట్‌వి, లైనింగువి సమానంగా కత్తిరించి, చేత్తో లాగకుండా కుట్టండి. మిగులు మూడు నాలుగు మిల్లీమీటర్లలోపు ఉంటే మీ చేతి ఒడుపుతోనే అది సర్దుకుంటుంది, మిషను మార్చకండి. అంతకు మించి ఉంటే, అప్పుడు కొత్తది చూడటానికి షాపుకు వెళ్ళేటప్పుడు కూడా ఆ పీలికలే సంచిలో వేసుకుని వెళ్ళండి. షాపువాడు చూపించే గట్టి నూలు ముక్క మీద ఏ మిషనయినా ముత్యాల్లాంటి కుట్టే వేస్తుంది. మీ జార్జెట్ మీద, మీ లైనింగుతో, మీ చేత్తో కుట్టి చూశాకే డబ్బు కట్టండి.